రైలు పేరున్న ఊళ్ళో రైలు ఆగదు

శనివారం

అమెరికాలో టెక్సాస్‌లోని డాలస్ పక్కనున్న ఫ్రిస్కోకి రైల్లో వెళ్ళే దారి లేదు. గుంతకల్లు డివిజన్‌లో పనిచేసి రిటైరైన నాకు ఈ సంగతి మింగుడు పడలేదు. ఈ ఊరికి పేరు పెట్టిందే ఒక రైల్వే కంపెనీ మరి. డాలస్ ఎయిర్‌పోర్టులో దిగి, సామాన్లు కారెక్కించుకుని, 121 టోల్‌రోడ్డు పట్టుకుని ఉత్తరానికి బయల్దేరాం. ఓ చోట అల్లుడు చెయ్యి చూపించి, "కుడివైపు ప్లేనో, ఎడమవైపు ఫ్రిస్కో, మావయ్య గారూ" అన్నాడు. రెండు వైపులా ఒకటే తీరు. అద్దాల ఆఫీసులు, కార్ల షోరూములు, వాటి వెనక ఒకే రంగు ఇటుకలతో కట్టిన ఇళ్ళు. పొలిమేర ఎక్కడుందో బోర్డు చదివితే తప్ప తెలియదు.

జనాభా లెక్కలు ముందే చదువుకుని వెళ్ళాను. 1990లో ఇక్కడ ఉన్నది 6,138 మంది. 2000 నాటికి 33,714, 2010 నాటికి 1,16,989, 2020 నాటికి 2,00,509. 2016 జులై నుంచి 2017 జులై దాకా ఒక్క ఏడాదిలో 8.2 శాతం పెరిగి అమెరికా పెద్ద నగరాలన్నిటిలోనూ మొదటి స్థానం కొట్టింది. చదివినప్పుడు ఇవి అంకెలే. ఇల్లు చేరాక, మా అమ్మాయి పక్కింటావిడ పలకరించడానికొచ్చి, "మేం 2006లో వచ్చినప్పుడు ఈ వీధి చివర ఆవులు మేసేవండీ" అన్నప్పుడు గాని వాటికి అర్థం తెలియలేదు. ఆ వీధి చివర ఇప్పుడు పిల్లల దంతవైద్యుడి క్లినిక్, దాని పక్కన ఇంకో దంతవైద్యుడి క్లినిక్ ఉన్నాయి.

ఆదివారం

నిద్ర పట్టక తెల్లవారకముందే లేచి, వెలుగు రాగానే మా ఆవిడా నేనూ వాకింగ్‌కి బయల్దేరాం. చెరువు గట్టున సిమెంటు బాట. ఎదురొచ్చిన వాళ్ళలో సగం మంది మా వయసు వాళ్ళే, అందులోనూ సగం తెలుగు వాళ్ళే. కాన్వాసు బూట్లు, చీర మీద స్వెట్టరు. జూన్ నెలలో స్వెట్టరు ఎందుకమ్మా అంటే, ఇంట్లో ఏసీ చలి ఇంకా వదల్లేదంది ఒకావిడ. ఇక్కడి పెద్దల పలకరింపులో ప్రశ్నలు వరసగా వస్తాయి. ఏ ఊరండీ? కూతురి దగ్గరా, కొడుకు దగ్గరా? ఎన్ని నెలలిచ్చారు? తిరుగు టికెట్ ఎప్పటికి? నాలుగో ప్రశ్నకి జవాబు వచ్చేసరికి ఇద్దరికీ కొంచెం దిగులు.

2020 జనగణన ప్రకారం ఊళ్ళో నాలుగో వంతుకు పైగా ఆసియా మూలాల వాళ్ళు, అందులో భారతీయుల వాటా పెద్దది. అది సాయంత్రం కార్యసిద్ధి హనుమాన్ గుడికి వెళ్ళినప్పుడు కళ్ళారా కనిపించింది. మైసూరు గణపతి సచ్చిదానంద స్వామీజీ ఆధ్వర్యంలో వెలిసిన గుడి. ఇప్పుడున్న పెద్ద కట్టడం 2015లో తెరుచుకుంది. పార్కింగులో చోటు దొరకడమే మొదటి దర్శనం. లోపల సామూహికంగా హనుమాన్ చాలీసా నడుస్తోంది. పక్క వరసలో ఒక కుర్రాడు ఫోన్‌లో ఆఫీసు మెయిల్ చూసుకుంటూనే చాలీసా ఒక్క పాదం తప్పకుండా చదువుతున్నాడు. గుడి బయట మెట్ల దగ్గర మాటలన్నీ ఇంటి వడ్డీ రేట్ల మీద, లేఆఫ్‌ల మీద, హెచ్1బీ పొడిగింపు మీద. స్వామి పేరులోనే కార్యసిద్ధి ఉంది కదా, జనం రావడంలో ఆశ్చర్యమేముంది!

తిరుగు దారిలో అల్లుణ్ణి అడిగాను, ఇక్కడ సిటీ బస్సు ఉండదా అని. ఉండదన్నాడు. పెద్దవాళ్ళకి, వికలాంగులకి ముందుగా ఫోన్ చేస్తే వచ్చే బండి ఏదో ఉందట. అంతకు మించి రూట్ బస్సు గాని, రైలు గాని లేవు. రోడ్డుకి అటువైపున్న ప్లేనోకి మాత్రం 2002 నుంచీ డాలస్ రైలు, అదే డార్ట్, వస్తోంది. ఇదెలా అని తవ్వితే కథ పన్ను దగ్గర తేలింది.

టెక్సాస్‌లో అమ్మకం పన్ను 8.25 శాతానికి మించకూడదు. రాష్ట్రం 6.25 తీసుకుంటుంది, స్థానికంగా మిగిలేది 2 శాతం. డార్ట్‌లో చేరిన ఊళ్ళు అందులో ఒక శాతం రవాణాకి కట్టాలి. ఫ్రిస్కో చేరలేదు. ఆ ఒక్క శాతాన్ని రెండుగా చీల్చి, సగం కంపెనీలను రప్పించే కార్పొరేషన్‌కీ, సగం పార్కులూ స్టేడియాలూ కట్టే ఇంకో కార్పొరేషన్‌కీ పెట్టింది. వారమంతా నేను చూసిన పెద్ద పెద్ద కట్టడాల్లో చాలావాటి వెనక ఈ పైసలే ఉన్నాయి. బేరం తెలివైనదే. కాకపోతే కారు నడపని ముసలివాడికి అందులో వాటా లేదు.

సోమవారం

పొద్దున్నే అల్లుడు ఇంటి చుట్టూ ఒక నల్ల పైపు పరిచి నీళ్ళు వదులుతున్నాడు. మొక్కలకేమో అనుకున్నాను. "ఫౌండేషన్‌కి, మావయ్య గారూ" అన్నాడు. ఎక్కడైనా పునాదికి నీళ్ళు పెడతారా అని దగ్గరికెళ్ళి మట్టి చూస్తే సంగతి తెలిసిపోయింది. నల్లరేగడి! వానకి ఉబ్బుతుంది, ఎండకి బీటలు వారుతుంది. మట్టి ఒక పక్క తడిగా, ఒక పక్క పొడిగా ఉంటే పలకలా పోసిన పునాది వంకర తిరిగి గోడలు పగుళ్ళిస్తాయి. అందుకే వేసవి పొడుగునా మట్టిని ఒకే తీరు తడిలో ఉంచాలట. ఇలాంటి నేలలో మా వైపు పత్తి వేస్తాం. ఇక్కడా ఒకప్పుడు వేసింది అదే. ఈ ప్రాంతాన్ని వాళ్ళు బ్లాక్‌లాండ్ ప్రెయిరీ అంటారు. పత్తి, గోధుమ, మొక్కజొన్న పండిన నేల. ఇప్పుడు పండేది ఇళ్ళే.

పగలు ప్రెస్టన్ రోడ్డు మీదుగా తిప్పారు. ఆరు లైన్ల రోడ్డు, అటూ ఇటూ దుకాణాలు, మూడు ఇండియన్ స్టోర్లు నా కంటికే పడ్డాయి. ఈ రోడ్డు వయసు ఊరి కంటే ఎక్కువ. రెడ్ రివర్ మీదున్న ప్రెస్టన్ రేవుకి పోయే పాత బాట ఇది. 1840లు, 50ల నుంచీ టెక్సాస్ పశువులను మిస్సోరీ సంతలకు తోలుకుపోయిన షానీ ట్రెయిల్ ఈ మిట్ట మీదుగానే సాగింది. మాల్‌కి దగ్గర్లో సెంట్రల్ పార్క్ అని ఒకటుంది. అందులో పొడుగు కొమ్ముల కంచు ఎడ్లు, గుర్రాల మీద కాపరులు వాగు దాటుతూ కనిపిస్తారు. చూడ్డానికి బాగానే ఉంది. నాకు మటుకు ఆ మందలు తొక్కిన దారి మీదే సోమవారం సాయంత్రం ఆగిపోయిన కార్ల వరస ఎక్కువ ముచ్చటేసింది.

ఆ బాట మీద లెబనాన్ అనే పల్లె ఉండేది. పోస్టాఫీసు, దుకాణాలు, చర్చి అన్నీ ఉన్న ఊరే. 1902లో రైలు వచ్చింది గాని లెబనాన్‌కి రాలేదు. కారణం నా వృత్తికి సంబంధించింది కాబట్టి కొంచెం వివరంగా చెప్తాను. ఆవిరి ఇంజన్‌కి బొగ్గు ఎంత ముఖ్యమో నీళ్ళూ అంతే. ప్రతి ఇరవై ముప్పై మైళ్ళకోసారి నీళ్ళు పట్టాల్సిందే. లెబనాన్ ఉన్నది ప్రెస్టన్ మిట్ట మీద, మెరక నేల. అక్కడ నీళ్ళు నిలవవు, బండికి ఎత్తు ఎక్కే శ్రమా ఎక్కువ. అందుకని సెయింట్ లూయిస్-శాన్‌ఫ్రాన్సిస్కో రైల్వే నాలుగు మైళ్ళు పడమటికి జరిగి, పల్లపు నేలలో లైను వేసి నీళ్ళ స్టేషన్ పెట్టుకుంది. దాని చుట్టూ ప్లాట్లు కొట్టి 1902లోనే అమ్మారు. లెబనాన్ వాళ్ళు ఏం చేశారయ్యా అంటే, సామానుతో పాటు ఇళ్ళు కూడా పట్టుకెళ్ళారు. చెక్క ఇళ్ళు కాబట్టి దుంగల మీద దొర్లించుకుంటూ కొత్త లైను పక్కకి చేర్చారు.

కొత్త ఊరికి మొదట ఎమర్సన్ అని పేరు పెట్టారు. స్థలం యజమాని ఇంటిపేరు అది. దాన్ని పోలిన పేరుతో టెక్సాస్‌లో ఇంకో ఊరుందని పోస్టల్ శాఖ ఒప్పుకోలేదు. చివరికి రైల్వే కంపెనీ ముద్దుపేరు ఫ్రిస్కోయే ఊరి పేరైంది. 1908లో మున్సిపాలిటీ అయింది, డాక్టర్ రోజర్స్ అనే వైద్యుడు మొదటి మేయరు. కంపెనీ పేరులో శాన్‌ఫ్రాన్సిస్కో ఉందే గాని దాని పట్టాలు ఏనాడూ ఆ సముద్రం ఒడ్డుకి చేరలేదు. కాగితం మీద గమ్యం రాసుకుని సగం దారిలో ఆగిన లైన్లు మా దగ్గరా ఉన్నాయి లెండి.

మంగళవారం

ఈ రోజు నాది. పాత డౌన్‌టౌన్ దగ్గర హెరిటేజ్ సెంటర్‌లో లెబనాన్ నుంచి తెచ్చిన పాత చర్చి, పాత ఇళ్ళు, రైల్వే డిపో నమూనా ఉన్నాయి. చర్చికి ఇది ఎన్నో ప్రయాణమో! దాని పక్కనే అమెరికన్ రైల్‌రోడ్ మ్యూజియం వారి బళ్ళు కంచె అవతల వరసగా నిలబెట్టి ఉన్నాయి. వాటిలో 4018 నంబరు బిగ్‌బాయ్ ఆవిరి ఇంజన్‌ని చూడగానే నా కాళ్ళు ఆగిపోయాయి.

యూనియన్ పసిఫిక్ రైల్వే కోసం 1941, 44 మధ్య ఇలాంటివి ఇరవై అయిదే కట్టారు. మిగిలినవి ఎనిమిది. ఇరవై నాలుగు చక్రాలు, బొగ్గూ నీళ్ళూ మోసే టెండరుతో కలిపి నలభై మీటర్ల పొడవు, అయిదొందల టన్నుల పైన బరువు. మా మీటర్‌గేజ్ మీద తిరిగిన వైజీ ఇంజన్ దీని టెండర్లో పట్టేస్తుందేమో అనిపించింది. డాలస్ ఫెయిర్ పార్క్‌లో దశాబ్దాలు కదలకుండా ఉన్నదాన్ని 2013 ఆగస్టులో పట్టాల మీదే లాక్కుని ఇక్కడికి తెచ్చారు. పక్కనే జీజీ1 ఎలక్ట్రిక్ ఇంజన్ కూడా ఉంది. 1968లో రాబర్ట్ కెనెడీ భౌతికకాయాన్ని న్యూయార్క్ నుంచి వాషింగ్టన్ చేర్చిన రైలును లాగిన ఇంజన్లలో ఒకటి. ఆ ఎండలో కంచె పట్టుకుని ఎంతసేపు నిలబడ్డానో, మా ఆవిడ మూడుసార్లు పిలిచింది.

పిలుస్తుండగానే పక్క లైను మీద హారన్. నిజం రైలు! 1980లో పాత కంపెనీ బర్లింగ్టన్ నార్తర్న్‌లో కలిసిపోయింది, ఇప్పుడది బీఎన్ఎస్ఎఫ్ లైను. కంటైనర్లు, గుండ్రటి ట్యాంకులు, కంకర వ్యాగన్లు. అలవాటు కొద్దీ లెక్కపెట్టాను. వంద దాటాక మనవడు, "తాతా, అది ఎప్పుడు ఆగుతుంది?" అన్నాడు. ఆగదురా, ఇక్కడ దానికి పని లేదు అన్నాను. రైలుకి నీళ్ళ కోసం పుట్టిన ఊరు, డీజిల్ ఇంజన్లొచ్చాక దానికి అక్కర్లేకపోయింది.

మరి అక్కర్లేని ఊరు యాభై ఏళ్ళు చిన్న పల్లెగానే ఉండి, ఉన్నట్టుండి ఇంత ఎలా పెరిగింది? అల్లుడి జవాబు ఒక్క ముక్క: టోల్‌వే. డాలస్ నార్త్ టోల్‌వే ఎంత దూరం ఉత్తరానికి పాకితే ఊరు అంత దూరం పాకింది. 2000లో స్టోన్‌బ్రయర్ మాల్ తెరిచారు. ఆ మాల్ అమ్మకాల మీద వచ్చే పన్నే ఊరికి మొదటి పెద్ద రాబడి. నాటి లెబనాన్ వాళ్ళు పట్టాల దగ్గరికి జరిగినట్టే, ఈ తరం టోల్‌వే దగ్గరికి జరిగింది. ఈసారి ఇళ్ళు దొర్లించే శ్రమ లేదు, బిల్డర్లే కట్టి పెడుతున్నారు.

బుధవారం

వాన. ఇంట్లోనే ఉన్నాం. మనవడి హోమ్‌వర్క్ లేదు, సెలవులు. మిరపకాయ బజ్జీలు.

గురువారం

స్పోర్ట్స్ సిటీ అని తమని తాము పిలుచుకుంటారు వీళ్ళు. ఊరంతా తిరిగితే మాట నిజమే అనిపిస్తుంది. 2003లో బేస్‌బాల్ మైదానం, 2005లో సాకర్ స్టేడియం. 2016లో డాలస్ కౌబాయ్స్ అనే అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు ఆఫీసూ ప్రాక్టీసు మైదానాలూ ఇక్కడికి తెచ్చుకుని దానికి ద స్టార్ అని పేరు పెట్టింది. 2022లో పీజీఏ ఆఫ్ అమెరికా అనే గోల్ఫ్ సంస్థ తన ఆఫీసును ఫ్లోరిడా నుంచి ఇక్కడికి మార్చింది. గోల్ఫ్ సంగతి నాకు తెలియదు. 2027లో పీజీఏ చాంపియన్‌షిప్ ఇక్కడే అంటున్నారు.

ద స్టార్‌లో ఒక పద్ధతి నచ్చింది. కౌబాయ్స్ ఆడే అసలు మ్యాచులు ఇక్కడ జరగవు, అవి ఆర్లింగ్టన్‌లో. ఇక్కడ పన్నెండు వేల మంది పట్టే కప్పున్న స్టేడియం ఉంది. కట్టడానికి నగరమూ, ఇక్కడి బడుల సంస్థ ఫ్రిస్కో ఐఎస్‌డీ కలిసి 11.5 కోట్ల డాలర్ల దాకా పెట్టాయి. అందుకని హైస్కూలు పిల్లలు కూడా అదే మైదానంలో మ్యాచులు ఆడతారు. మా అమ్మాయి వీధి కుర్రాడొకడు బ్యాండులో ట్రంపెట్ ఊదుతూ ఆ మైదానంలోకి నడిచాడట, వాళ్ళమ్మ ఇప్పటికీ ఆ వీడియో చూపిస్తోంది. అన్నిటికీ ఊ కొట్టే జనం కూడా కాదు. 2025 మే నెలలో పెద్ద కళాకేంద్రానికి డబ్బు సమకూర్చే ప్రతిపాదన పెడితే ఓటర్లు తిప్పికొట్టారు.

మధ్యాహ్నం లైబ్రరీకి వెళ్ళాం. నాకు ఈ ఊళ్ళో అన్నిటి కంటే నచ్చిన కట్టడం అదే. బీల్ ఏరోస్పేస్ అనే ప్రైవేటు రాకెట్ కంపెనీ ఒకటి 1997లో పుట్టి 2000లో మూతపడింది. రాకెట్ల కోసం ఆ కంపెనీ కట్టుకున్న షెడ్డును నగరం బాగు చేయించి 2023లో లైబ్రరీ చేసింది. కప్పు ఎత్తు చూస్తేనే తెలుస్తుంది, ఇది పుస్తకాల కోసం కట్టింది కాదని. నడిమధ్య డైనోసార్ ఎముకల గూడు నిలబెట్టారు, దాని చుట్టూ పిల్లలు. ఒక మూల మన తాతయ్యలు ఇద్దరు పేపరు ముందు పెట్టుకుని కునికిపాట్లు పడుతున్నారు.

ఈ మెరుపుల మధ్య ఒక నల్లమచ్చ కూడా ఉంది, పాత డౌన్‌టౌన్‌కి దగ్గర్లోనే. 1960ల నుంచీ అక్కడ పాత బ్యాటరీలు కరిగించి సీసం తీసే ఎక్సైడ్ కర్మాగారం నడిచింది. ఊరు చిన్నదిగా ఉన్నప్పుడు అది ఊరి చివర, ఊరు పెరిగాక నడిబొడ్డు. గాలిలో సీసం పరిమితి దాటిందని తేలి, జనం పోరాడి, 2012 నవంబరులో మూయించారు. చుట్టూ ఉన్న భూమిని నగరం 4.5 కోట్ల డాలర్లకు కొనేలా ఒప్పందం కుదిరింది. ఆ వైపు స్టూవర్ట్ వాగు వెంట గ్రాండ్ పార్క్ అనే పెద్ద ఉద్యానవనం ఆలోచన ఏళ్ళ తరబడి కాగితం మీదే నలిగింది. మట్టి శుభ్రం చేయకుండా పిల్లల్ని ఆడుకోమనలేరు కదా. స్టేడియాలు రెండేళ్ళలో లేచే ఊళ్ళో పార్కు మాత్రం ఆలస్యమవడానికి కారణం ఈ పాత అప్పు.

శుక్రవారం

మా అమ్మాయి ఇంటికి స్నేహితులొచ్చారు. భోజనాల దగ్గర మాటలన్నీ స్కూలు బౌండరీల మీదే. నాకు ముందు అర్థం కాలేదు. ఇక్కడ ఏ ఇంట్లో ఉంటే ఆ ఇంటికి కేటాయించిన బడి. గీత మారితే బడి మారుతుంది, బడి మారితే ఇంటి ధర మారుతుంది. పక్క ఊరు ఆలెన్‌లో ఊరంతటికీ ఒక్కటే హైస్కూలు, దాదాపు ఏడు వేల మంది పిల్లలు. ఫ్రిస్కో దానికి పూర్తిగా వ్యతిరేకం. బడి చిన్నదిగా ఉంటే ఎక్కువ మంది పిల్లలకి జట్టులో, బ్యాండులో, నాటకంలో చోటు దొరుకుతుందన్నది వీళ్ళ లెక్క. అందుకే పన్నెండు హైస్కూళ్ళు. వాటిలో ఒకటి ఎమర్సన్, ఒకటి లెబనాన్ ట్రెయిల్. పోస్టాఫీసు తోసిపుచ్చిన పేరూ, పట్టాలు దూరమై ఖాళీ అయిన పల్లె పేరూ అలా బడి గేట్లకెక్కాయి. మొదటి బడి ఫ్రిస్కో హై జట్టు గుర్తు రకూన్. ఆరబెట్టిన రకూన్ తోలు ఆకారంలో ఉండే రైల్వే కంపెనీ చిహ్నం నుంచి వచ్చింది.

అయితే ఇప్పుడు బడుల్లో పిల్లలు తగ్గుతున్నారు. స్టేలీ అనే మిడిల్ స్కూల్‌ని 2025లో మూసేశారు. వచ్చినవాళ్ళలో ఒకాయన, "ఇక్కడ ఇల్లు కొనగలిగేసరికి మా పిల్లలు కాలేజీకి వెళ్ళిపోతున్నారు అంకుల్" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గాని, కొత్తగా పెళ్ళయిన వాళ్ళకి ఈ ధరలు అందవన్నది నిజం. టెక్సాస్‌లో రాష్ట్ర ఆదాయపు పన్ను లేదని అందరూ సంబరంగా చెప్తారు. ఆస్తి పన్ను నోటీసు మాట ఎత్తగానే మాత్రం బల్ల చుట్టూ సద్దు మణిగింది. అందులో పెద్ద వాటా బడులదే. ప్రతి వేసవిలో అదొక టెన్షన్. నోటీసు రాగానే విలువ తగ్గించమని ప్రొటెస్ట్ వేయడం ఇక్కడ ఉగాది పచ్చడంత మామూలు అని మా అల్లుడి స్నేహితుడు చెప్పాడు.

శనివారం

అల్లుడికి కొత్త ఇల్లు చూడాలని కోరిక, మా అమ్మాయికి లేదు. అందరం కారెక్కాం. టోల్‌వే మీద లెబనాన్ రోడ్డు దాటుతుంటే, వేడ్ పార్క్ అనే భారీ ప్రాజెక్టు డబ్బులు లేక ఆగిపోయిన చోటు చూపించాడు. పునాది కోసం తవ్విన గొయ్యిలో నీళ్ళు నిండితే జనం దానికి లేక్ లెబనాన్ అని పేరు పెట్టారట. ఇప్పుడు వేరే వాళ్ళు కొని మళ్ళీ పని మొదలుపెట్టారు.

380 రోడ్డు దాటితే ప్రాస్పర్, ఇంకా పైకి సెలీనా. 2023 లెక్కల్లో అమెరికాలో అన్నిటికంటే వేగంగా, 26 శాతం పైన పెరిగిన ఊరు సెలీనాయే. రోడ్డుకి ఒక పక్క ఇంకా మొక్కజొన్న, ఇంకో పక్క బిల్డర్ల జెండాలు. మోడల్ హోమ్‌లో అమ్మకాల కుర్రాడు మా ముఖాలు చూడగానే, అడక్కుండానే, తూర్పు ముఖం ప్లాట్లు ఎన్ని మిగిలాయో చెప్పాడు. పూజ గదికి చోటు, వెనక ఘాటు వంటలకి ఇంకో వంటగది. మన వాళ్ళని బాగానే చదివారు.

సెలీనా పాత కూడలిలో కాఫీ తాగుతుంటే రైలు కూత వినిపించింది. అదే లైను. 1902లో ఆ లైను వచ్చినప్పుడు సెలీనా జనం కూడా ఇళ్ళూ దుకాణాలూ చర్చీ దొర్లించుకుంటూ పట్టాల దగ్గరికి వచ్చినవాళ్ళే. ఆ మాట చెప్పబోతుండగా అల్లుడు ఫోన్ తీసి ఇక్కడి నుంచి ప్లేనో ఆఫీసుకి సోమవారం పొద్దున ఎంతసేపు పడుతుందో చూశాడు. యాభై అయిదు నిమిషాలు చూపించింది.

"టోల్‌వే ఇక్కడిదాకా వస్తే తగ్గుతుంది" అన్నాడు.

"వచ్చాక చూద్దాం" అంది మా అమ్మాయి, కారు తాళాలు తీసుకుంటూ.